పెయ్యలు చూడి కట్టకపోతే కోడెను కూడా చూడండి: దక్షిణ టెక్సస్ నుంచి ఒక కేసు

పెయ్యలు చూడి నిలవలేదంటే మొదట అనుమానం పెయ్యల మీదకే పోతుంది. మేత చాలలేదంటారు, మినరల్ మిక్చర్ పెట్టలేదంటారు, గర్భసంచిలో ఏదో ఉందంటారు. ఆంబోతు సంగతి అందరికీ చివర్లో గుర్తొస్తుంది. ఈ కేసులో నాకూ అలాగే అయింది. అందుకే మొత్తం రాస్తున్నాను. తిరుపతిలో పశువైద్యం చదివి కొన్నాళ్లు మన దగ్గర పల్లె ఆసుపత్రుల్లో పనిచేశాక, ఇప్పుడు టెక్సస్ గల్ఫ్ తీరం వైపు మాంసం జాతుల పశువుల ప్రాక్టీసులో ఉన్నాను. ఇక్కడ కృత్రిమ గర్భధారణ తక్కువ. మందలోకి కోడెల్ని వదులుతారు, అవే దాటుతాయి. ఒక్క కోడె పనికిరాకపోయినా ఇరవై దూడలు పోయినట్టే.

కేసు ఎలా వచ్చింది

రాంచ్ యజమాని డెబ్బై దాటిన పెద్దాయన. శీతాకాలం ముందు ఆయన పెయ్యలకు చూడి పరీక్ష చేశాను. 60 పెయ్యల్లో 37 మాత్రమే చూడితో ఉన్నాయి. ఆ 37లోనూ సగానికి పైగా సీజన్ చివర్లో కట్టినవి. పిండం వయసు చేతికి తెలిసిపోతుంది కదా, నెలన్నర రెండు నెలలవే ఎక్కువ.

చూడి తక్కువగా, అదీ ఆలస్యంగా ఉందంటే ఇక్కడ ఏ డాక్టరుకైనా ముందు గుర్తొచ్చేవి రెండు: ట్రైకోమోనియాసిస్, విబ్రియోసిస్. రెండూ దాటడం వల్ల అంటుకునే జబ్బులు. ఆంబోతు పైకి నిక్షేపంగా కనిపిస్తుంది. ఆవుల్లో మాత్రం పిండం తొలి నెలల్లోనే పోయి, అవి మళ్లీ మళ్లీ ఎదకొస్తుంటాయి. శాంపిళ్లు తీసి పీసీఆర్‌కు పంపితే నెగటివ్ వచ్చింది. పెయ్యల బరువులు చూశాం, బాగున్నాయి. మినరల్ సంచులు కొట్టంలో కళ్ల ముందే ఉన్నాయి. అప్పటికి నా దగ్గర కారణం లేదు.

ఫిబ్రవరి చివర్లో పెద్దాయన మళ్లీ ఫోన్ చేశారు. ఏప్రిల్ మధ్యలో వదలడానికి మూడు వేలాల్లో 22 కోడెల్ని కొన్నారట. "ఈసారి ముందే చూసిపెట్టు డాక్, నాకు టెన్షన్‌గా ఉంది" అన్నారు. 9 ఆంగస్, 5 హెర్‌ఫర్డ్, 2 లిముజీన్, 6 బ్రాహ్మన్. మొదటి మూడు జాతులవీ 13 నుంచి 15 నెలల వయసు, బ్రాహ్మన్‌లవి 15, 16 నెలలు.

పరీక్ష ఎలా చేశాం

కోడెను మన ట్రెవిస్ లాంటి ఇనుప చూట్‌లోకి తోలే ముందు నడిపించి చూస్తాను. వెనక కాళ్లు మరీ నిటారుగా ఉన్న కోడె నాలుగు రోజులు దాటేసరికి కుంటుతుంది. తర్వాత కళ్లు, గిట్టలు, ఒంటి కండ. వృషణాల్ని రెండు చేతులతో కిందికి దింపి, ఎక్కువ లావున్న చోట టేపు వేస్తాను. అమెరికాలో పశువుల పునరుత్పత్తి వైద్యుల సంఘం, సొసైటీ ఫర్ థీరియోజెనాలజీ, వృషణాల చుట్టుకొలతకు పెట్టిన కనీస కొలతలు అన్ని జాతులకూ ఒకటే. 15 నెలల వరకు 30 సెంటీమీటర్లు, 18 నెలల వరకు 31, 21 నెలల వరకు 32, రెండేళ్ల వరకు 33, ఆపైన 34. వీర్యంలో ముందుకు కదిలే కణాలు కనీసం 30 శాతం, ఆకారం సరిగా ఉన్నవి 70 శాతం ఉండాలి. ఫలితం మూడు రకాలుగా రాస్తాం: పాస్, ఫెయిల్, లేదా వాయిదా.

ఆ రోజు ఉత్తరపు గాలి కొడుతోంది. ఇలాంటి రోజుల్లో వీర్యం తీసిన గొట్టం, స్లైడ్, రంగు అన్నీ 37 డిగ్రీల దగ్గర వెచ్చగా ఉంచుకోవాలి. చలి తగిలితే మంచి వీర్యంలోనూ కదలిక ఆగిపోతుంది, తోకలు చుట్టుకుపోతాయి. మన పొరపాటు కోడె మీదకు పోతుంది. స్లైడ్ వెచ్చబెట్టే పలకను పికప్ బండి వెనక పెట్టి, పెద్దాయన మనవడిని దాని దగ్గర నిలబెట్టాను. ఇయోసిన్-నిగ్రోసిన్ రంగు వేసి, మైక్రోస్కోపు ఆయిల్ ఇమ్మర్షన్ లెన్సు కింద ఒక్కో కోడెకు వంద కణాలు లెక్కపెట్టాను. 22 కోడెలకు పొద్దున్న ఏడు నుంచి సాయంత్రం నాలుగు దాకా పట్టింది.

ఏం కనిపించింది

22లో 9 పాస్ అయ్యాయి. పరీక్ష చేయని కోడెల మందల్లో ఐదింటిలో ఒకటి పనికిరాదని మేం మామూలుగా చెప్పుకుంటాం. ఇక్కడ సగానికి పైగా ఆగిపోయాయి. పెద్దాయన ముఖం మాడిపోయింది. కానీ ఆగిన 13 ఒకే కారణంతో ఆగలేదు, ఆ తేడా ఆయనకు వివరంగా చెప్పాల్సి వచ్చింది.

ఆంగస్‌లలో 5 పాస్. ఒకదానికి అంగం బయటికి రాగానే విల్లులా కిందికి వంగింది. అంగం చివరి నుంచి తొడుగు లోపలి చర్మం దాకా దారంలా ఒక పొర ఉంది. దాన్ని ఫ్రెన్యులమ్ అంటారు. యవ్వనం వచ్చేసరికి దానంతట అదే తెగిపోవాలి. ఆంగస్, షార్ట్‌హార్న్ జాతుల్లో తెగకుండా మిగిలిపోవడం ఎక్కువ చూస్తాం. రెండు చోట్ల ముడివేసి మధ్యలో కోశాను, రెండు నిమిషాల పని. అయితే ఇది వంశంలో దిగే లోపం. దూడల్ని మాంసానికి పంపేవాళ్లు ఈ కోడెను వాడుకోవచ్చు, దాని కొడుకుల్ని మాత్రం ఆంబోతులుగా ఉంచుకోవద్దని కాగితం మీదే రాసిచ్చాను.

ఇంకో ఆంగస్‌కు అంగం కొన దగ్గర జీడిపప్పంత పులిపిరి. బొవైన్ పాపిలోమా వైరస్ వల్ల వస్తుంది. కుర్ర కోడెలు ఒకదాని మీదొకటి ఎక్కుతూ రాసుకుంటాయి, ఆ గాట్లలోంచి వైరస్ దూరుతుంది. మూత్రనాళం తెగకుండా చూసుకుని మొదట్లో కట్టి తీసేశాను. మిగిలిన రెండింటి వీర్యంలో చీము తునకలు. పురీషనాళంలో చెయ్యి పెడితే వీర్యంలో ద్రవాన్ని కలిపే సెమినల్ వెసికిల్ గ్రంథులు ద్రాక్షగుత్తిలా విడివిడిగా తగలకుండా గట్టి ముద్దలా తగిలాయి. దట్టంగా దాణా పెట్టి గుంపుగా పెంచిన కోడెల్లో ఈ వెసిక్యులైటిస్ వస్తుంటుంది. చాలాసార్లు వయసుతో తగ్గిపోతుంది, కొన్నిసార్లు ఎంత యాంటీబయాటిక్ పడినా తగ్గదు. దీర్ఘకాలం పనిచేసే ఇంజెక్షన్ ఒక డోసు ఇచ్చి వాయిదా వేశాను.

హెర్‌ఫర్డ్‌లలో 3 పాస్. ఒకదానికి ఎడమ వృషణం కుడిదానిలో సగమే ఉంది. అది పుట్టుకతో వచ్చిన లోపం, ఫెయిల్. అయిదో హెర్‌ఫర్డ్ ఆ మందకే అందగాడు. పెద్దాయన అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోసింది దానికే. టేపు 35 చూపించింది. వీర్యంలో మాత్రం సరైన కణాలు 54 శాతమే. మిగిలినవాటిలో తలలు ఊడినవి, మధ్య భాగం వంగినవి. మళ్లీ వెళ్లి వృషణతిత్తి మెడ దగ్గర పట్టి చూస్తే దూదిపరుపులా మెత్తగా కొవ్వు. ఆ పై భాగంలోనే రక్తనాళాల అల్లిక ఉంటుంది, లోపలికి వెళ్లే రక్తాన్ని చల్లబరిచేది అదే. వృషణాలు ఒంటికంటే నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉంటేనే వీర్యకణాలు సరిగా తయారవుతాయి. కొవ్వు పట్టినప్పుడు రాత్రీ పగలూ దుప్పటి కప్పినట్టే. పాలు మరిపించాక కోడెకు దాణా దట్టించడం వల్ల వీర్యం దెబ్బతింటుందని కెనడాలోని లెత్‌బ్రిడ్జ్ పరిశోధనలు ఎప్పుడో చూపించాయి. దూడగా ఉన్నప్పుడు, మొదటి ఆరు నెలల్లో బాగా మేపితే వృషణాలు ఎదుగుతాయి. ఆ తర్వాత పోసిన దాణా బరువుకు, వేలంలో ధరకు పనికొస్తుంది. నాకు దీనిమీద నిజంగా బాధ ఉంది. వేలానికి కోడెను నున్నగా కనబడేలా బలిపిస్తారు, కొనేవాళ్లు ఆ నునుపు చూసే కొంటారు.

బ్రాహ్మన్‌ల దగ్గర ఆగాలి

ఆరు బ్రాహ్మన్‌లూ ఆగిపోయాయి. టేపు 24 నుంచి 27.5 మధ్యే ఆడింది. వీర్యం నీళ్లలా ఉంది. స్లైడ్ మీద కణాలు తక్కువ, ఉన్నవాటి మెడ దగ్గర చిన్న బొట్లు. వాటిని ప్రాక్సిమల్ డ్రాప్లెట్లు అంటాం. కుర్ర కోడెలో అవి కనిపిస్తే ఎక్కువసార్లు అర్థం ఒకటే, ఇంకా పక్వానికి రాలేదని. పెద్దాయన కోపంగా "ఆరుకు ఆరు! అమ్మినవాడు నన్ను మోసం చేశాడు" అన్నారు.

మోసం కాదని, అవి ఇంకా పిల్లలని చెప్పాను. 1978లో నెబ్రాస్కాలోని క్లే సెంటర్ పరిశోధనా కేంద్రం ఒక మాట తేల్చింది. వాళ్లు చూసిన జాతులన్నింట్లోనూ, వయసు, బరువు ఎంతున్నా, వృషణాల చుట్టుకొలత సుమారు 28 సెంటీమీటర్లకు చేరినప్పుడే కోడె యవ్వనానికి వస్తోంది. యవ్వనం అంటే వాళ్ల లెక్కలో ఒక్కసారికి వచ్చే వీర్యంలో 5 కోట్ల కణాలు, వాటిలో 10 శాతం కదిలేవి. ఆంగస్ కోడె ఆ 28ని ఏడాది నిండకముందే దాటేస్తుంది. మూపురం జాతుల్లో పచ్చిక మీద పెరిగిన కోడెకు 15, 17 నెలలు పట్టడం మామూలే, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అదే 26 సెంటీమీటర్లు 15 నెలల ఆంగస్‌లో కనిపిస్తే నేను ఫెయిల్ రాస్తాను, బ్రాహ్మన్‌లో అయితే వాయిదా రాస్తాను. కాగితం మీద కొలత ఒకటే, కోడెలు ఒకటి కావు.

ఇక్కడ నాకు మన ఊళ్లు గుర్తుకు రాకుండా ఉండవు. అమెరికన్ బ్రాహ్మన్ జాతిని తయారుచేసింది మన దేశపు పశువులతోనే: గుజరాత్, గిర్, నెల్లోర్, కృష్ణా లోయ పశువులు. నెల్లోర్ అని వీళ్లు పిలిచేది మన ఒంగోలునే. 1924లో బ్రీడర్ల సంఘం పెట్టుకున్నప్పుడు ఈ కలగలుపుకు బ్రాహ్మన్ అని పేరు పెట్టారు. చూట్‌లో నిలబడ్డ ఆ కోడె మూపురం, వేలాడే గంగడోలు చూస్తే ప్రకాశం జిల్లాలో సంక్రాంతికి బండలాగుడు పోటీలు జరిగే చోట నిలబడ్డట్టే అనిపిస్తుంది. ఒంగోలు కోడె నిదానంగా ఎదుగుతుందని మన రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక్కడ ఆంగస్‌తో అలవాటుపడిన కళ్లకు ఆ నిదానం జబ్బులా కనిపిస్తోంది.

అయితే వయసు మీదకే అన్నీ నెట్టకూడదు. ఆరింటిలో ఒకదానికి తొడుగు బాగా కిందికి వేలాడుతోంది, లోపలి చర్మం నాలుగు వేళ్ల మేర బయటికి తిరగబడి, ముళ్లు గీసుకుని పుండు పడింది. మూపురం జాతుల్లో, కొమ్ముల్లేని జాతుల్లో ఈ బాధ ఎక్కువ. చల్లటి నీళ్ల ధార పట్టి, వాపు తగ్గాక ఆయింట్‌మెంట్ రాసి లోపలికి నెట్టి కట్టు కట్టాను. పుండు మానింది కానీ తొడుగు వేలాడటం ఎక్కడికీ పోదు. దాన్ని ఉంచుకోవద్దన్నాను.

లిముజీన్‌లలో ఒకటి 31తో పాస్. రెండోది 29 దగ్గర ఆగింది. ఈ జాతిలో వృషణాలు కొంచెం చిన్నవే ఉంటాయి. దానికోసం కొలత తగ్గించమని అడిగేవాళ్లు ఉన్నారు, నేను తగ్గించను. ఈ లక్షణం వంశంలో బాగా దిగుతుంది, కూతుళ్లు ఎదకొచ్చే వయసుతోనూ ముడిపడి ఉంటుంది. దాన్నీ వాయిదాలో పెట్టాను.

అసలు దొంగ

ఇదంతా కొత్త కోడెల సంగతి. నిరుటి 23 వట్టి పెయ్యలకు ఇందులో జవాబు లేదు. గొట్టాలు కడుగుతూ, నిరుడు ఆ పెయ్యల్లో వదిలిన కోడెలేవని అడిగాను. మూడు. రెండింటిని సీజన్ అయ్యాక అమ్మేశారు. అన్నిటికంటే మంచిదని ఒకదాన్ని ఉంచుకున్నారు, 7వ నంబరు చెవిపోగు ఉన్న ఆంగస్. "దాన్నెందుకు చూడ్డం డాక్? నిరుడు నువ్వే పాస్ చేశావు కదా" అన్నారాయన.

లాప్‌టాప్‌లో నా పాత రికార్డు తీశాను. వృషణాలు 35, కదలిక బాగుంది, సరైన కణాలు 81 శాతం. అంగం అనే గడిలో నా చేతిరాతే: "పూర్తిగా బయటికి రాలేదు". దాని కింద పాస్ అని సంతకం. ఆ రోజు చీకటి పడుతోంది, అదే ఆఖరి కోడె, వీర్యం బాగుంది కదా అని సంతకం పెట్టేశాను. అంగం కళ్లతో చూడకుండా పాస్ రాయకూడదు. రాశాను.

7వ నంబరును తోలుకొచ్చారు. 26 నెలల వయసు, 38 సెంటీమీటర్లు, 84 శాతం సరైన కణాలు. ఈసారి గాజుగుడ్డతో పట్టి పూర్తిగా బయటికి తీశాను. కొనకు వెనక, వేలికి ఉంగరం బాగా బిగిసిన చోట పడే గాడిలా, తెల్లటి మచ్చ చుట్టూతా ఉంది. కొన భాగం పాలిపోయి, ఉండాల్సినదానికంటే సన్నగా ఉంది. సూది మొనతో తాకితే ఏ చలనం లేదు. మచ్చకు పైభాగంలో తాకితే ఒళ్లంతా జలదరించింది.

కుర్ర కోడెలు ఒకదాని మీదొకటి ఎక్కేటప్పుడు ఊడిన వెంట్రుకలు అంగానికి చుట్టుకుని ఉంగరంలా బిగుస్తాయి. చాలావాటికి ఊడిపోతుంది. కొన్నింట్లో లోపలికి కోసుకుపోయి, స్పర్శ తెచ్చే నరం తెగుతుంది. ఆంబోతు యోని ద్వారాన్ని వెతుక్కునేది కొనకు తగిలే స్పర్శతోనే, ఆ తర్వాతి తోపు కూడా ఆ స్పర్శతోనే వస్తుంది. ఎలక్ట్రోఇజాక్యులేటర్‌కు ఆ నరంతో పనిలేదు, కరెంటుతో వీర్యం వచ్చేస్తుంది. అందుకే చూట్‌లో ఇది మొదటి ర్యాంకు కోడె.

పూర్తిగా తేల్చుకుందామని, ప్రోస్టాగ్లాండిన్ అనే హార్మోను ఇంజెక్షన్ ఇచ్చి ఎదకు తెచ్చిన పెయ్యతో కలిపి నాలుగో రోజు దొడ్లో వదిలాం. నేను, పెద్దాయన కంచె మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాం. అరగంటలో తొమ్మిదిసార్లు ఎక్కింది. ప్రతిసారీ అంగం బయటికొచ్చి పిరుదుల మీద, తోక పక్కన తడుముకుంది. ఒక్కసారీ లోపలికి పోలేదు. పాసైన ఒక కుర్ర ఆంగస్‌ను లోపలికి వదిలితే, 7వ నంబరు తల దించి దాన్ని కంచె దాకా తోసుకెళ్లింది. ఆ కుర్రది మళ్లీ పెయ్య దగ్గరికి రాలేదు. నిరుడు పచ్చిక బయల్లో మూడు నెలలు జరిగింది ఇదే అయ్యుండాలి. పెత్తనం దీనిది, పని జరగదు, మిగతా రెండింటినీ దగ్గరికి రానీయదు. అలసిపోయినప్పుడో, అది దూరంగా ఉన్నప్పుడో మిగతా రెండూ దాటినవే ఆ ఆలస్యపు చూళ్లు.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. నా పాత రికార్డు ఆయనకు చూపించి, తప్పు నాదేనని చెప్పాను. "ఇప్పుడైనా చూశావు" అన్నారు. ఆ రోజు ఫీజు తీసుకోలేదు.

తర్వాత

వీర్యకణం తయారవడానికి 61 రోజులు, వృషణాన్ని అంటుకుని ఉండే ఎపిడిడిమిస్ నాళంలో ప్రయాణానికి ఇంకో 8 నుంచి 11 రోజులు పడుతుంది. అందుకే మళ్లీ చూడటం 70 రోజుల తర్వాత, మే మొదటి వారంలో. దాణా తగ్గించి, రోజూ నీళ్ల కోసం దూరం నడిచేలా పచ్చికలో వదిలిన హెర్‌ఫర్డ్ 54 నుంచి 76కు వచ్చింది. పులిపిరి మళ్లీ రాలేదు, ఫ్రెన్యులమ్ కోసిన కోడె పాసైంది. చీము ఉన్న రెండింటిలో ఒకదానికి తగ్గింది, రెండోదానికి గ్రంథి ఇంకా గట్టిగానే ఉంటే తీసేయమన్నాను. లిముజీన్ 29 నుంచి 30.5కు పెరిగింది, కానీ ఈలోగా దాని వయసు 17 నెలలై హద్దు 31కి జరిగింది. వీర్యం 74 శాతం. పెద్దాయన బతిమాలారు. అరసెంటీమీటరే కావచ్చు, నేను పాస్ రాయలేదు. ఆయన దాన్ని అమ్మేశారు.

ఏప్రిల్‌లో పెయ్యల్లోకి పాసైన ఆంగస్‌లను మాత్రమే వదిలాం. ఒక్కో కుర్ర కోడెకు దాని వయసు ఎన్ని నెలలో అన్నే పెయ్యలు. నిరుడు ఒక్కోదానికి ఇరవై పడ్డాయి, అదీ ఎక్కువే. పెద్ద ఆంబోతుల్ని వాటితో కలపలేదు. మొదటి వారమంతా పెద్దాయన మనవడు పొద్దున, సాయంత్రం గుర్రం మీద వెళ్లి ఏది దాటుతోందో, ఏది ఊరికే ఎక్కి దిగుతోందో పుస్తకంలో రాశాడు. శరదృతువులో చూస్తే 58 పెయ్యల్లో 51 చూడితో ఉన్నాయి, ఎక్కువ భాగం మొదటి నెలన్నరలో కట్టినవే.

అక్టోబరులో మిగిలిన అయిదు బ్రాహ్మన్‌లకు మళ్లీ టేపు వేశాను. రెండేళ్లు నిండబోతున్నాయి, హద్దు 33. మూడు దాటాయి, వాటిలో పెద్దది 34.5. స్లైడ్ మీద మెడ దగ్గర బొట్లు దాదాపు మాయమయ్యాయి, సరైన కణాలు 78 శాతం. ఒక్కోదాన్నీ వదిలిపెట్టే ముందు అంగం పూర్తిగా బయటికి తీసి, గాజుగుడ్డతో తుడిచి, కొన చుట్టూ వేలు తిప్పి చూశాను. మిగతా రెండూ 32 దగ్గరున్నాయి. "వీటిని అమ్మేయనా డాక్?" అని పెద్దాయనే అడిగారు. ఇంకో మూడు నెలలు ఆగుదామన్నాను, జనవరి ఆఖరి వారానికి తేదీ రాసుకున్నాం.